బ్రహ్మకమలం టైమ్‌లాప్స్: టైమర్ 100 అంటోంది, కార్డులో 50 ఫొటోలే ఉన్నాయి

మిద్దెతోట:
కుండీలో బ్రహ్మకమలం మొగ్గ మెడ వంచి తల పైకెత్తింది. రెండు మూడు రోజుల్లో విచ్చుకునేలా ఉంది. సాయంత్రం 6:30 నుంచి రాత్రి 12:30 దాకా వరసగా ఫొటోలు తీసి, వాటిని కలిపి 20 సెకన్ల టైమ్‌లాప్స్ వీడియో చేయాలి. కెమెరా కేనన్ 1500డి, కిట్‌తో వచ్చిన 18-55 లెన్సు. 2.5 మి.మీ. పిన్నుతో బయటి టైమర్ తగిలించాను.

ట్రయల్‌కి మాన్యువల్ మోడ్, షట్టర్ 4 సెకన్లు, లెన్సు రంధ్రం ఎఫ్/11 పెట్టాను. టైమర్‌లో డిలే (మొదలయ్యే ముందు ఆగే సమయం) 0, లాంగ్ (బటన్ నొక్కి పట్టుకునే సమయం) 0, ఇంటర్వెల్ (నొక్కుకీ నొక్కుకీ మధ్య సమయం) 5 సెకన్లు, ఎన్ (ఎన్నిసార్లు నొక్కాలో) 100. మూడు చిక్కులు వచ్చాయి. టైమర్ 100 లెక్కపెట్టింది కానీ ఫొటోలు 50 మాత్రమే పడ్డాయి. వీడియోగా చూస్తే వెలుతురు మినుకుమినుకుమంటోంది. ఎన్ 399 దాటి పైకి పోవడం లేదు. బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే బల్బ్ మోడ్‌కి మార్చి, లాంగ్‌తోనే ఎక్స్‌పోజర్ ఇస్తే మేలా?

ఫ్రేమ్‌లెక్క:
టైమర్‌కి కెమెరా సంగతి ఏమీ తెలియదండీ. అది బటన్ నొక్కే వేలు మాత్రమే. ఎన్నిసార్లు నొక్కిందో లెక్కపెడుతుంది, ఫొటో పడిందో లేదో చూడదు.

సరిగ్గా సగం పోయాయంటే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉన్నట్టే. 4 సెకన్ల ఫొటో అయ్యాక కెమెరా షట్టర్ మూసుకుని ఇంకో 4 సెకన్లు చీకటి ఫ్రేమ్ తీస్తుంది. అందులో కనిపించిన చుక్కల్ని అసలు ఫొటోలోంచి తీసేస్తుంది. అంటే ఫొటోకి 8 సెకన్లు. 5వ సెకనులో టైమర్ నొక్కేసరికి కెమెరా బిజీ, 10వ సెకనుకి ఖాళీ. అందుకే ఒకటి పడుతోంది, ఒకటి పోతోంది. కెమెరా మెనూలో కస్టమ్ ఫంక్షన్లలో దాన్ని ఆపేయండి. ఆపాక కూడా ఇంటర్వెల్ షట్టర్ సమయం కంటే కనీసం 2 సెకన్లు ఎక్కువ ఉండాలి, కార్డులోకి రాసుకోవడానికి.

ఇక మీ లెక్క. 20 సెకన్ల వీడియోకి, సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 500 ఫొటోలు కావాలి. 6 గంటలంటే 21,600 సెకన్లు. భాగిస్తే 43 వస్తుంది, 40 పెట్టుకోండి. 540 ఫొటోలు వస్తాయి. ఎన్ 399 దగ్గరే వదిలేస్తే 4 గంటల 26 నిమిషాలకి, అంటే 10:56కి టైమర్ ఆగిపోతుంది. పువ్వు మంచి ఊపులో ఉండే వేళ అది! చాలా టైమర్లలో 399 తర్వాత ఇంకోసారి పైకి నొక్కితే, లేదా 1 నుంచి కిందికి నొక్కితే రెండు గీతలు కనిపిస్తాయి. ఆపేదాకా తీస్తూనే ఉండమని దానర్థం. అదే పెట్టండి.

నిలకడ:
బల్బ్ మోడ్ వద్దే వద్దు. 30 సెకన్లు దాటిన ఎక్స్‌పోజర్‌కే అది అవసరం. 1 సెకను లాంటి చిన్న ఎక్స్‌పోజర్‌లో టైమర్ పదో వంతు సెకను అటూ ఇటూ అయినా వెలుతురు 10 శాతం మారుతుంది, అదే మినుకుమినుకు. షట్టర్ కెమెరాలోనే పెట్టి టైమర్‌లో లాంగ్ 0 ఉంచండి. డ్రైవ్ మోడ్ సింగిల్‌లో ఉందో లేదో చూసుకోండి. కంటిన్యువస్‌లో ఉండి లాంగ్ ఎక్కువైతే ఒక్క నొక్కుకే రెండు మూడు ఫొటోలు పడతాయి.

మీ మినుకుమినుకుకి అసలు కారణం ఎఫ్/11 అని నా అనుమానం. ప్రతి ఫొటోకీ లెన్సులోని రెక్కలు మూసుకుంటాయి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతాయి. విడిగా చూస్తే ఆ తేడా కనబడదు, వీడియోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే రెక్కలు కదలవు. 55 మి.మీ. దగ్గర మీ లెన్సుకి అది ఎఫ్/5.6. అప్పుడు ఫోకస్ లోతు చాలదని భయపడకండి. కెమెరాని పువ్వుకి 1.5 మీటర్ల దూరానికి జరిపితే సుమారు 15 సెం.మీ. లోతు దొరుకుతుంది. ఫ్రేము వెడల్పు 60 సెం.మీ. వస్తుంది. 6000 పిక్సెళ్లలోంచి సగం వెడల్పు కత్తిరించుకున్నా ఫుల్ హెచ్‌డీకి ఇంకా మిగులుతాయి.

వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వద్దు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వద్దు. ఒకసారి ఫోకస్ చేసి లెన్సు మీద స్విచ్ ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) మార్చండి, వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఆపండి. మెనూలో ఆటో పవర్ ఆఫ్ కూడా తీసేయండి. నిద్రపోతున్న కెమెరాని ఆ చిన్న నొక్కు లేపుతుందే కానీ ఒక్కోసారి ఫొటో పడదు.

రాత్రిపూలు:
పువ్వు వైపు నుంచి నాలుగు మాటలు.

6:30కి కిటికీలోంచి ఇంకా వెలుగు వస్తుంది, అరగంటలో పోతుంది. దాంతో వీడియో మొదట్లో రంగు మారిపోతుంది. నల్ల గుడ్డతో కిటికీ మూసేసి మొదటి ఫొటో నుంచీ ఒకే దీపం వెలుగులో తీయండి. హాలోజన్ వద్దు, వేడికి రేకులు వాడతాయి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు మీటరు దూరంలో పెడితే ఎఫ్/5.6, ఐఎస్ఓ 100 దగ్గర 1 సెకను చుట్టుపక్కల తేలుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1 సెకను ఎక్స్‌పోజర్‌లో అదంతా సమం అయిపోతుంది. 1/125 లాంటి వేగంలో అయితే దొరికిపోతుంది.

ఎక్స్‌పోజర్ మొగ్గని చూసి పెట్టకండి. మొగ్గ పచ్చగా, కాస్త ముదురుగా ఉంటుంది. 10 గంటలకి అక్కడే తెల్లటి రేకులు తెరుచుకుంటాయి, తెలుపంతా వివరం లేకుండా కాలిపోయినట్టు వస్తుంది. మొగ్గ పక్కన తెల్ల కాగితం పట్టుకుని ఫొటో తీయండి. వెలుతురు పంపకాన్ని చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచుకి తగలకుండా ఉండేలా షట్టర్ సరిచూడండి. మొగ్గ కొంచెం చీకటిగా కనిపించినా పరవాలేదు.

మొగ్గ ఫ్రేములో మూడో వంతు మించి ఉండకూడదు. విచ్చేటప్పుడు రేకులు పక్కలకి పరుచుకుంటాయి, మెడ కూడా కదులుతుంది. ఆకులా కనిపించే ఆ బల్లపరుపు కాండాన్ని పుల్లకి మెత్తని గుడ్డతో కట్టండి. పువ్వు మెడని మాత్రం ముట్టుకోవద్దు. ఫ్యాన్ ఆపండి.

ఇంకో సంగతి, నేనైతే 40కి బదులు 20 సెకన్లే పెడతాను. ఫొటోలు ఎక్కువైతే ఒకటి విడిచి ఒకటి తీసేయొచ్చు, తక్కువైతే మధ్యలో పుట్టించలేం.

ఫ్రేమ్‌లెక్క:
20 మంచి మాటే, కానీ 1080 ఫొటోలవుతాయి. ఈ కెమెరా బ్యాటరీ ఒక ఛార్జికి సుమారు 500 ఫొటోలకే. మధ్యలో బ్యాటరీ మారిస్తే కెమెరా కదులుతుంది, వీడియోలో ఎగిరినట్టు కనిపిస్తుంది. నిజానికి 40 పెట్టుకున్నా 540 కదా, బ్యాటరీ కొసకు వస్తుంది. ఈ కెమెరా బ్యాటరీ ఎల్‌పీ-ఈ10 ఆకారంలో ఉండే డమ్మీ బ్యాటరీ తగిలించి, దాని అడాప్టర్‌ని ఇన్వర్టర్ లైనులో పెట్టండి. దీపం కూడా అదే లైనులో. ఫొటో తీశాక తెర మీద చూపించే రివ్యూ ఆపండి. లైవ్ వ్యూ (తెర మీద చూస్తూ తీయడం) వాడకండి. టైమర్‌లో కొత్త ట్రిపుల్ ఏ సెల్స్ వేయండి. సెల్స్ బలహీనమైతే అర్ధరాత్రి రీసెట్ అయిపోతుంది.

మిద్దెతోట:
నాయిస్ రిడక్షన్ ఆపి, ఎఫ్/5.6, 1 సెకను, ఇంటర్వెల్ 20తో మళ్లీ చూశాను. 60 నొక్కులకి 60 ఫొటోలు పడ్డాయి, మినుకు కూడా పోయింది. డమ్మీ బ్యాటరీ తెప్పిస్తున్నా. రా (కుదించని ముడి ఫైలు) తీయాలా, జేపెగ్ చాలా?

నిలకడ:
రా ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ వేసుకున్నా 1080కి 32 జీబీ దాటొచ్చు. 64 జీబీ కార్డు ఉంటే రా తీయండి, తెల్లరేకుల్లో వివరం వెనక్కి రప్పించుకోవచ్చు. లేకపోతే పెద్ద సైజు జేపెగ్ చాలు. మొదలుపెట్టే ముందు ఫైల్ నంబరు ఎంతలో ఉందో చూడండి. 9999 దాటితే మళ్లీ 0001 నుంచి కొత్త ఫోల్డర్‌లో మొదలవుతుంది, ఎడిటింగ్‌లో వరస రెండు ముక్కలవుతుంది. మెనూలో ఫైల్ నంబరుకి మాన్యువల్ రీసెట్ కొట్టి మొదలుపెట్టండి.