డ్రై ఐస్ బ్లాస్టింగ్: బండి కింద ఉప్పు పోతుందా, మన డబ్బులే పోతాయా?

ట్రాయ్_రాజు:
అందరికీ నమస్తే. మాది మిచిగన్, బండి 2015 మోడల్ ఎస్‌యూవీ, లక్షా పదివేల మైళ్లు తిరిగింది, కొన్నప్పటి నుంచీ మంచు కరగడానికి చల్లే ఉప్పు రోడ్డుని ఒక్క చలికాలం కూడా తప్పించుకోలేదు. మొన్న శనివారం ఆయిల్ మారుద్దామని ర్యాంపులెక్కించి కిందికి దూరానా, గుండె గుభేల్‌మంది. వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే ఉక్కు చట్రం) మాడిన అట్టులా ఉంది, గోరుతో గీకితే పొరలు పొరలుగా మొహం మీద రాలింది. ఇక్కడ దగ్గర్లో ఒక షాపాయన డ్రై ఐస్ బ్లాస్టింగ్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ గింజల్ని గాలితో కొట్టి మురికి లేపడం) చేస్తా, కింద భాగం, ఇంజన్ బే కలిపి 1,900 డాలర్లు అన్నాడు, వీడియో చూపించాడు, నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది, నల్లటి జిడ్డు కాస్తా తెల్లటి పొగలో ఎగిరిపోయి కింద లోహం మెరుస్తోంది. మా బామ్మర్ది ఏమో "బావా, 15 డాలర్ల కార్ వాష్‌లో అండర్‌బాడీ బటన్ నొక్కితే అయ్యే పనికి రెండు వేలా" అని నవ్వుతున్నాడు. ఎవరు కరెక్టో మీరే తేల్చండి.

గోదారోడు:
బామ్మర్దే కరెక్టు, ఇంకో మాట లేదు. రాజమండ్రిలో మా నాన్నగారికి లారీ షెడ్డు ఉండేది, సర్వీసయ్యాక డీజిలూ పాత ఇంజనాయిలూ కలిపి గన్నుతో కింద కొట్టి పంపేవారు, పదిహేనేళ్ల లారీలు కూడా చక్కగా తిరిగేవి. ఈ ఐస్ గోలంతా ఇన్‌స్టాలో వీడియోలు పెట్టుకోడానికి, పైగా బండి అమ్మే ముందు ఫొటోలకి. ఆ 1,900 పెట్టి నాలుగు టైర్లు వేయించుకో, ఇంకా మిగుల్తాయి.

వరంగల్_వీల్స్:
అన్నా, ముందే చెప్తున్న, నేను న్యూజెర్సీల ఇదే పని చేస్త, మూడేళ్లయింది, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకొనే వినుండ్రి. కానీ కార్ వాష్‌తోటి పోల్చుడు కరెక్ట్ కాదు. ఐస్ గింజలు బియ్యం గింజ కన్నా కొంచెం లావు, 3 మిల్లీమీటర్లు, మైనస్ 78.5 డిగ్రీల చల్లదనం. కంప్రెసర్ గాలితోటి పోయి జిడ్డుకు తగిలినంక ఆ జిడ్డు గట్టిపడి పగుల్తది, గింజ ఏమో నీళ్లు కాకుంట సీదా గ్యాస్ అయితది, దాదాపు 800 రెట్లు ఉబ్బుతది, ఆ ఉబ్బుడుకే మురికి కింద నుంచి లేస్తది. ఇసుక బ్లాస్టింగ్ లెక్క లోహాన్ని కోయదు. నీటి చుక్క లేదు గనుక ఆల్టర్నేటర్, కనెక్టర్లకు భయం తక్కువ. మొన్న ఒక పాత బండి వాల్వ్ కవర్ మీద ఇరవై ఏళ్ల ఆయిల్ పేరుకొని ఉన్నది, పావుగంటల కాస్టింగ్ మీద అచ్చు అంకెలు చదవగలిగినం, గాస్కెట్ ఎక్కడ కారుతున్నదో కూడా తెలిసింది. ప్రెషర్ వాషర్ పెడితే గదే మురికి సందుల్లకు పోయి కూసుంటది.

శ్రీవల్లి_కెమ్:
హ్యూస్టన్ నుంచి. కెమికల్ ప్లాంట్‌లో ఉంటాను, హీట్ ఎక్స్‌ఛేంజర్లకి ఈ బ్లాస్టింగ్ చేయించడం చూశాను, మెషీన్ మీద నాకేం కోపం లేదు. వరంగల్ అన్నగారు చెప్పింది జిడ్డు గురించి. రాజుగారు అడిగింది ఉప్పు గురించి. ఇవి రెండు వేరు వేరు జబ్బులు.

మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి మంచు కరిగించడం దాదాపు మానేస్తుంది, అందుకని అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా చల్లుతారు. వీటికో గుణం ఉంది, గాలిలో తేమని లాక్కుని తడిగానే ఉంటాయి, కాబట్టి బండి ఎండినట్టు కనిపించినా కింద తడి ఉంటుంది. (బండిని వెచ్చటి గ్యారేజీలో పెడితే మంచిదనుకుంటారు, ఉప్పు పట్టిన బండికి అది ఇంకా చెడ్డది, వేడికి తుప్పు పని చురుగ్గా సాగుతుంది.) ఈ ఉప్పు పోవాలంటే నీళ్లలో కరగాలి, అంతే. తుప్పు గుంటల్లో, అతుకుల మధ్య, డొల్లగా ఉండే బాక్సు ఫ్రేమ్ లోపల దాక్కున్న ఉప్పుని ఐస్ గింజ వెళ్లి పలకరించలేదు, నాజిల్‌కి ఎదురుగా కనపడిన చోటే దాని ప్రతాపం. ఇంకోటి, గట్టిగా పట్టిన తుప్పుని కూడా డ్రై ఐస్ తియ్యదు, అది మెత్తని పదార్థం. ఊడిపోడానికి సిద్ధంగా ఉన్న పొరలు మాత్రం రాలుతాయి.

గోదారోడు:
హహహ చూశారా, నీళ్లే గెలిచాయి. నేను మొదటి నుంచీ అదే కదా మొత్తుకుంటోంది.

శ్రీవల్లి_కెమ్:
మీరు డీజిల్ అన్నారండీ. నీళ్లు అన్నది వాళ్ల బామ్మర్ది.

బీచ్‌రోడ్_విశాఖ:
గోదారోడు గారూ, డీజిల్ సంగతి మాకు బాగా తెలుసు, సముద్రం పక్కన ఉంటాం కాబట్టి మాకు ఏడాది పొడుగునా ఉప్పు గాలే. డీజిల్ కొట్టిన రోజు కింద తళతళ, ఆర్నెల్లకి సస్పెన్షన్ బుష్‌లు ఉబ్బి మెత్తబడి చేతికొస్తాయి, రబ్బరుకి నూనె పడదు కదా, దానికి తోడు ఆ తడికి దుమ్మంతా అతుక్కుంటుంది. మీ నాన్నగారి షెడ్డులో బుష్‌లు మార్చేవారు కాదా ఏంటి?
ఇక్కడ మాకు డ్రై ఐస్ అంటే మందుల పార్శిళ్లకీ, పెళ్లిలో వధూవరులు పొగలోంచి నడిచి రావడానికీ. కారు కిందకి కొట్టడమంటే మా మెకానిక్ పైనుంచి కిందికి చూశాడు నన్ను.

గోదారోడు:
మార్చేవారు లెండి. తరచుగానే. దాని మీద కూడా వ్యాపారం ఉండేదనుకోండి. 😅 సరే డీజిల్ వెనక్కి తీసుకుంటున్నా, ఐస్ మాత్రం ఒప్పుకోను.

స్టుట్‌గార్ట్_సుబ్బు:
జర్మనీలో ఇది చాలా మామూలు విషయం, పాత కార్లవాళ్లందరూ చేయిస్తారు, కానీ ఇక్కడ దాన్ని క్లీనింగ్ అని ఎవరూ అనుకోరు, వైద్యానికి ముందు టెస్టు లాంటిది. రెండేళ్లకోసారి బండి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాలి, వాళ్లు కింద సుత్తితో కొట్టి మరీ చూస్తారు. నా దగ్గర 1991 నాటి సెడాన్ ఒకటి ఉంది, నాకంటే ముందున్న ఓనరు మహానుభావుడు కింద అంతా నల్ల తారు పూసేశాడు, చూడ్డానికి కొత్త పెళ్లికూతురే. డ్రై ఐస్ కొట్టించాను. గట్టిగా అతుక్కున్న కంపెనీ పీవీసీ పూత కదల్లేదు, తారు మాత్రం వదులుగా ఉన్న చోటల్లా పెంకులు పెంకులుగా ఊడింది, ఆ ఊడిన చోటల్లా కింద తుప్పే. జాకీ పెట్టే చోట నా బొటనవేలు పట్టేంత కన్నం. అది తారు కింద ఎన్నేళ్ల నుంచి తింటోందో. వెల్డింగ్ చేయించి, బాక్సుల లోపలికి మైనం ఎక్కించాం. ఐస్ లేకపోతే ఆ కన్నం నాకు రోడ్డు మీద కనపడేది.
కాబట్టి రాజు గారూ, బ్లాస్టింగ్ తర్వాత ఏం పూస్తాడని మీ షాపాయన్ని అడిగారా? ఏమీ పూయడంటే అక్కడితో ఆపెయ్యండి, ఉన్న కాస్త పూత కూడా పోయి లోహం బోసిగా చలికాలానికి చిక్కుతుంది.

ట్రాయ్_రాజు:
అడిగితే "పూత విడిగా, ఇంకో 400" అన్నాడు. అందుకే నాకో ఐడియా వచ్చింది, ఇక్కడ మెషీన్లు అద్దెకిస్తున్నారు, ఐస్ గింజలు కిలోల లెక్కన దొరుకుతున్నాయి, మా ఇంటికి రెండు కార్ల గ్యారేజీ ఉంది, బయట చలి కాబట్టి షట్టర్ దించేసి నేనూ బామ్మర్దీ ఆదివారం కూర్చుంటే అయిపోదా?

శ్రీవల్లి_కెమ్:
వద్దు. దయచేసి వద్దు. లెక్క చెప్తాను, మీరే చూసుకోండి.
ఒక కిలో డ్రై ఐస్ ఆవిరైతే అర ఘనపు మీటరు పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సుమారు 0.54. మీ గ్యారేజీ 6 మీటర్లు బై 6, ఎత్తు 2.7 అనుకుందాం, 97 ఘనపు మీటర్లు. పది కిలోలు కొడితే 5.4 ఘనపు మీటర్ల గ్యాస్, అంటే గాలిలో దాదాపు 5.5 శాతం. అమెరికాలో ఎనిమిది గంటల పనికి ఒప్పుకున్న హద్దు 0.5 శాతం, ప్రాణానికి వెంటనే ప్రమాదం అని రాసిపెట్టింది 4 శాతం. మీరు పది కిలోలతో ఎలాగూ ఆగరు. పైగా అది గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది, కింద పడుకుని నాజిల్ పట్టుకున్న మనిషి ముక్కు ఎక్కడుంటుందో ఆలోచించండి. ముందు తలనొప్పి, ఊపిరి ఆడనట్టు, తర్వాత బయటికి పాకే ఓపిక కూడా ఉండదు. షాపుల్లో తలుపులు తెరిచి, ఫ్యాన్లు పెట్టి, గ్యాస్ ఎంతుందో చూపే మీటరు తగిలించుకుని చేస్తారు.

వరంగల్_వీల్స్:
వల్లి అక్క చెప్పింది నూటికి నూరు. నేను మీటరు జేబుకు పెట్టుకోకుంట గన్ను ముట్టను. సప్పుడు కూడా 100 డెసిబెల్స్ దాటుతది, చెవులకు మఫ్ లేకుంట అయ్యే పని కాదు. ఇంకా స్టాటిక్ కరెంటు పుడ్తది, బండికి ఎర్త్ వైరు కట్టాలె. కొట్టినంక లోహం మంచు లెక్క చల్లగైతది, గాలిల తేమ దాని మీద చెమ్మ పడ్తది, మంచిగ ఆరినంకనే పూత పెట్టాలె, అది మరిచిపోతే తేమ మీదనే పూసినట్టు.
ఉప్పు విషయం కూడా ఒప్పుకుంటున్న. మా షాపుల ముందు నీళ్లతోటి కడిగి, రెండు రోజులు ఆరబెట్టినంకనే ఐస్ పెడ్తం. కష్టమర్‌కు గది చెప్పం, ఎందుకంటే వీడియోల నీళ్లు మంచిగ కనపడయి.

గోదారోడు:
ఇదిగో ఇదీ నిజాయితీ అంటే. నువ్వు నాకు నచ్చావయ్యా.

స్టుట్‌గార్ట్_సుబ్బు:
పూత విషయంలో ఒక్క మాట. గట్టిపడిపోయే రబ్బరు పూత వద్దు, అది ఎక్కడో ఒకచోట పగిలి లోపలికి నీళ్లు తాగుతుంది, తుప్పు మీద మూత పెట్టినట్టే. గొర్రె ఉన్ని కొవ్వుతో చేసే లానోలిన్ నూనె కొట్టించండి, గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది, ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి. గొర్రె వాసన వస్తుంది, రెండు వారాలు ఇంట్లోవాళ్లు తిడతారు.

ట్రాయ్_రాజు:
మూడు వారాల తర్వాత వస్తున్నా. గ్యారేజీ ఆలోచన మానేశా, మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి మెషీన్ అద్దె బుకింగ్ తనే క్యాన్సిల్ చేసింది.
ఉష్ణోగ్రత సున్నా పైకి వచ్చిన మొదటి మూడు రోజులూ పచ్చికకి పెట్టే స్ప్రింక్లర్ బండి కిందకి తోసి గంటేసి సేపు వదిలా, మొదటి రోజు వచ్చిన నీళ్లు టీ డికాషన్ రంగు, మూడో రోజుకి తేటపడ్డాయి. తర్వాత షాపాయనతో బేరమాడి ఇంజన్ బే వదిలేసి వెనక సబ్‌ఫ్రేమ్, సస్పెన్షన్, బ్రేక్ లైన్ల చుట్టూ మాత్రమే ఐస్ కొట్టించా, లానోలిన్‌తో కలిపి 750కి ఒప్పుకున్నాడు. తుప్పు పోలేదు, శ్రీవల్లి గారు చెప్పినట్టే గోధుమరంగులో అక్కడే ఉంది, కానీ రేకులన్నీ రాలాయి. రాలాక కుడివైపు వెనక చక్రానికి వెళ్లే బ్రేక్ పైపు బయటపడింది, ప్లాస్టిక్ క్లిప్పు కింద ఇన్నాళ్లూ మట్టి గడ్డ కట్టుకుని ఉంది, దాని అడుగున పైపు సగం తినేసి ఉంది, క్లిప్పు తీస్తుంటే వేలికి తడి తగిలింది, అది నీళ్లు కాదు. టో చేయించి అదే రోజు రెండు పైపులూ మార్పించా. బామ్మర్ది కార్ వాష్ గురించి మళ్లీ ఎత్తలేదు.
ఫొటోలు నాలుగు పెట్టాను, పైపు మూడోది.

గోదారోడు:
చూశా. పైపు సరే, నాలుగో ఫొటోలో సైలెన్సర్ వేలాడే రబ్బరు ఎడమవైపుది చీలిపోయి ఉంది చూడు. అది పది డాలర్లే, దానికి ఐస్ అక్కర్లేదు.