పాత ట్రాక్ సా: బాగుచేయించుకోవాలా, కొత్తది కొనాలా?

చెక్కపొడి (హైదరాబాద్)
అన్నలూ, ఒక విషయం తేల్చండి. నాది 2015 నాటి వైర్ ట్రాక్ సా, అంటే పట్టా లాంటి ట్రాక్ మీద జారుతూ తిన్నగా కోసే కరెంటు రంపం. 1300 వాట్లు, 165 మి.మీ. బ్లేడ్. కంపెనీ పేరు చెబితే చర్చంతా అటే పోతుంది కాబట్టి చెప్పను. వార్డ్‌రోబ్‌లు, కిచెన్‌లు అన్నీ దీనితోనే కోస్తున్నాం. ఈ మధ్య వెనక గాలి రంధ్రాల్లోంచి చూస్తే నిప్పురవ్వలు ఎక్కువయ్యాయి. మైకా అంటించిన 19 మి.మీ. ప్లై కోస్తే అంచు పెచ్చులు లేస్తోంది. టేకు చెక్క కోస్తే నల్లగా మాడిన చార పడుతోంది. దీన్ని అమ్మేసి బ్యాటరీది తీసుకుందామని మా పార్టనర్ రోజూ పోరు. ఇంకొన్నాళ్లు దీనితోనే లాగొచ్చా, ఇప్పుడే వదిలించుకోవడం మేలా?

రాణిగంజ్ బాబాయ్
మూడింటినీ ఒకే గాటన కట్టకండి. నిప్పురవ్వలు మోటారు సంగతి. పెచ్చులు, మాడడం అనేవి బ్లేడు, ట్రాక్ సంగతి. వాటికి మెషిన్ వయసుతో పెద్దగా పని లేదు.

ప్లగ్ తీసేసి ముందు కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) బయటికి లాగి చూడండి. కొన్నిటి మీద ఇంతవరకే అరగాలని గీత ఉంటుంది. గీత లేకపోతే 5-6 మి.మీ. మిగిలిందంటే పని అయిపోయినట్టే. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి బాగానే ఉంది కదా అని ఉంచేయొద్దు. కొత్తవి వేశాక కోత లేకుండా కాసేపు ఉత్తినే తిప్పండి, కార్బన్ ముఖం కమ్యుటేటర్ (కార్బన్లు ఆనుకుని ఉండే గుండ్రటి రాగి భాగం) వంపుకి సరిగ్గా అరిగి కూర్చుంటుంది. సన్నటి నీలి రవ్వలు మామూలే. కొత్త కార్బన్లు వేసినా రవ్వలు కమ్యుటేటర్ చుట్టూ ఉంగరంలా తిరుగుతుంటే మాత్రం ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగ చుట్టల భాగం) పోతున్నట్టు.

అక్కడిదాకా వస్తే రీవైండింగ్ (పాత ఆర్మేచర్‌కే తీగ మళ్ళీ చుట్టించడం) జోలికి పోవద్దు. బ్లేడే నిమిషానికి 5,000 చుట్ల దాకా తిరుగుతుంది, ఆర్మేచర్ అంతకంటే వేగం. బ్యాలెన్స్ కాస్త తప్పినా బేరింగులు తినేస్తుంది. కొత్త ఆర్మేచర్, బేరింగులు, కూలీ కలిపి లెక్క వేయించండి. కొత్త మెషిన్ ధరలో సగం దాటితే నేనే వద్దని చెప్పి పంపేస్తాను.

గోదారి కుర్రాడు
పెచ్చులు ఏ వైపు అన్నా? ట్రాక్ కింద ఉండే ముక్కకా, బయటికి పడిపోయే ముక్కకా?

చెక్కపొడి
ట్రాక్ కింద ముక్కకే తమ్ముడూ. అదే కదా బాధ, వాడుకునే ముక్క అదే.

గోదారి కుర్రాడు
అయితే ట్రాక్ అంచున ఉన్న రబ్బరు పట్టీ చూడు. బ్లేడు పళ్ళు కింద నుంచి పైకి లేస్తూ కోస్తాయి కాబట్టి పై ముఖమే లేస్తుంది. ఆ పట్టీ మైకాని నొక్కి పట్టుకుంటేనే అంచు నీటుగా వస్తుంది. పట్టీ అంచుకీ కోత గీతకీ మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉన్నా పట్టుకోదు. సన్న బ్లేడు తీసి మందం బ్లేడు వేసి ఒకసారి కోశావంటే పట్టీ ఇంకాస్త తెగిపోతుంది, మళ్ళీ సన్నది వేస్తే ఆ సందు అలాగే ఉండిపోతుంది.

పాతది పీకేసి, జిగురు పూర్తిగా తుడిచి, కొత్త పట్టీ కాస్త బయటికి వచ్చేలా అంటించు. రోజూ ఏ బ్లేడు వాడతావో అదే వేసి, కింద పనికిరాని ప్లై పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆపకుండా ఒక్క కోత కోయి. పట్టీ నీ బ్లేడుకి అచ్చంగా తెగుతుంది. దీనికోసం మెషిన్ మార్చడమేంటి!

బయటి ముక్క కూడా కావాలంటే ముందు పైపైన గీసి, తర్వాత పూర్తి లోతు కోయాలి. మకీటా ఎస్‌పీ6000లో 2-3 మి.మీ. దగ్గర ఆగేలా దీనికోసమే ఒక బటన్ ఇచ్చారు. లేని మెషిన్‌లో లోతు చేత్తో పెట్టుకోవడమే.

మేస్త్రి గారబ్బాయి
టేకు ఏ బ్లేడుతో కోస్తున్నారు? ప్లైకి వాడే 48 పళ్ళ బ్లేడుతోనే టేకుని నిలువుగా చీలిస్తే మాడక ఏం చేస్తుంది? పళ్ళ మధ్య పొట్టు బయటికి పోవడానికి చోటుండదు. చీలిక కోతకి 12 నుంచి 28 పళ్ళ మధ్యది వేయండి. 710 గ్రేడ్ (నీటిని తట్టుకునే రకం) ప్లైలో ఉండే జిగురు పళ్ళని తొందరగా మొద్దు చేస్తుంది, పైగా జిగురు మరక పట్టేస్తుంది. బ్లేడు తీసి కడిగి, సాన పట్టించి చూడండి. మా నాన్నగారైతే బ్లేడు చూడకుండా మెషిన్‌ని తిట్టేవాళ్ళని పనిలోంచి పంపేసేవారు.

తెనాలి 522
మెషిన్ వేడెక్కుతోందా? మా సైట్లలో పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వల్లే మోటార్లు పోతున్నాయి. వైరు మార్చండి ముందు.

రాణిగంజ్ బాబాయ్
అందరూ వైరు మీద పడతారు. లెక్క చూడండి. 1300 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 5.7 ఆంపియర్లు. 1 చదరపు మి.మీ. రాగి వైరు 30 మీటర్లు వేసినా పోయేది 6 వోల్టులు. దానికి మోటారు పోదు. సప్లయే 180-190కి పడిపోతే, లేదా ప్లగ్ లూజుగా ఉండి కాలుతుంటే అది వేరే కథ. టెస్టర్ కాదు, మీటర్ పెట్టి మెషిన్ కోస్తుండగా వోల్టేజీ చూడండి. వైరు చుట్ట మాత్రం పూర్తిగా విప్పి వాడండి, చుట్టలో ఉంచితే వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది.

డాలస్ గరాజ్
కొంచెం పక్కకి వెళ్తున్నాను, క్షమించాలి. నేను ఇక్కడ కార్డ్‌లెస్‌కి మారాను. పాత వైర్ మెషిన్ బాగానే ఉంది, గుంటూరులో బావమరిదికి పంపితే పనికొస్తుందా? 120 వోల్టులది.

రాణిగంజ్ బాబాయ్
నేరుగా 230లో పెడితే కాలిపోతుంది సార్. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, 1300 వాట్ల మెషిన్‌కి 2000 వీఏకి తగ్గకూడదు. అది బండెడు బరువు. సైట్ సైట్‌కీ దాన్ని మోసే ఓపిక మీ బావమరిదికి ఉంటే సరే. ఇక్కడ కార్బన్లు, స్విచ్ దొరుకుతాయేమో గానీ ఆ వోల్టేజీ ఆర్మేచర్ కోసం మళ్ళీ మీకే ఫోన్ చేస్తాడు. పంపేదేదో బ్యాటరీది పంపండి. చార్జర్ 120 వోల్టులకే అయితే ఒక్క చార్జర్ ఇక్కడ కొనుక్కుంటే చాలు.

డాలస్ గరాజ్
థాంక్స్ బాబాయ్. చెక్కపొడి గారి పార్టనర్ బ్యాటరీ అంటున్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను. కోత నాణ్యతలో నాకు ఏ తేడా కనిపించలేదు. వైరు ట్రాక్ చివర తగులుకుని మెషిన్ మధ్యలో ఆగే బాధ పోయింది, అంతే. కానీ పొట్టు పీల్చే వ్యాక్యూమ్ గొట్టం ఎలాగూ తగిలించాలి. గొట్టం ఉన్నాక వైరు లేకపోవడం వల్ల మిగిలే సుఖం ఎంత? షెడ్‌లో కోసేవాళ్ళకి దండగ. కరెంటు లేని ఫ్లాట్‌లో, కోసే షీట్లు తక్కువున్న చోట దాని విలువ తెలుస్తుంది.

మా ఇంటి వర్క్‌షాప్
వ్యాక్యూమ్ లేకుండా హెచ్‌డీహెచ్‌ఎంఆర్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డులు) కోసేవాళ్ళు దయచేసి మెషిన్ కంటే ముందు వ్యాక్యూమ్ కొనండి. చెక్క ధూళి, ఆ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ రెండూ ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) జాబితాలో క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో ఉన్నాయి. ఫ్లాట్ తలుపులు మూసి కోస్తున్న కుర్రాళ్ళని చూస్తే గుండె తరుక్కుపోతుంది.

కూకట్‌పల్లి కట్స్
నేను మిగతావాళ్ళతో ఏకీభవించను. బాగుచేస్తే పాతదీ కోస్తుంది, కాదనను. నేను మార్చింది భద్రత కోసం. షీట్ మధ్యలో సింక్ కోసం గుంత కోసేటప్పుడు మెషిన్ వెనక్కి తన్నిందంటే ఆ దెబ్బ చూసినవాడికే తెలుస్తుంది. పాత మోడళ్ళు చాలావాటికి బ్లేడు వెనక చీలిక కత్తి ఉండదు. కోసిన సందు మూసుకుపోయి బ్లేడుని బిగించకుండా ఆపేది అదే. ఫెస్టూల్ టీఎస్‌సీ 55 కె అయితే తన్నడం మొదలవగానే బ్లేడుని ఆపేస్తుంది, అది బ్యాటరీ మోడల్. మీ దగ్గర కొత్త కుర్రాళ్ళు కోస్తుంటే నేను మార్చమనే చెబుతాను.

ఇంకోటి. ప్లగ్ తీసి, బ్లేడు పూర్తిగా కిందికి దించి, గ్లవ్ వేసుకుని బ్లేడుని పక్కకి ఊపి చూడండి. బ్లేడు బుష్షు దగ్గర గానీ, దించే కీలు దగ్గర గానీ టకటకమని ఆడితే కార్బన్లు, పట్టీలు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు. కోత గోడ నిటారుగా రాదు, ఎడ్జ్‌బ్యాండ్ (బోర్డు అంచుకి అంటించే పట్టీ) పట్టదు.

చెక్కపొడి
ఊపి చూశాను, కీలు ఆడట్లేదు. ట్రాక్ మీద మాత్రం బేస్ కొంచెం అటూ ఇటూ కదులుతోంది.

గోదారి కుర్రాడు
బేస్ మీద రెండు చిన్న మరలు ఉంటాయి, ట్రాక్ గాడిలో బిగుతు పెంచడానికి. వాటిని తిప్పుతూ, మెషిన్ జారుతూ ఉండాలి గానీ ఊగకూడదు అన్నంత వరకు బిగించు. ఇది చాలామంది ఎప్పుడూ ముట్టుకోరు.

మేస్త్రి గారబ్బాయి
కొత్తది కొనే డబ్బుంటే 3 మీటర్ల ట్రాక్ ఒకటి కొనమంటాను. రెండు 1400 మి.మీ. ముక్కలు కలిపితే అతుకు దగ్గర ఏదో ఒక రోజు వంకర రాక మానదు.

కూకట్‌పల్లి కట్స్
3 మీటర్లది ఏ లిఫ్టులో పడుతుందండీ? ప్లై షీట్లే మెట్ల మీద మోయిస్తున్నాం. షెడ్‌కి అయితే సరే.
ట్రాక్ కొనే ముందు రేపు ఏ మెషిన్‌కి మారతారో చూసుకోండి. ఫెస్టూల్, మకీటా ట్రాకులు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. బాష్ ఎఫ్‌ఎస్‌ఎన్ ట్రాక్ మాఫెల్‌తో సరిపోతుంది గానీ వీటితో సరిపోదు. డెవాల్ట్ దారి డెవాల్ట్‌ది.

చెక్కపొడి
అన్నలూ, కార్బన్లలో ఒకటి బాగా పొట్టిగా ఉంది, రెండూ మార్చాను. కమ్యుటేటర్ శుభ్రంగానే ఉంది, రవ్వలు తగ్గాయి. కొత్త పట్టీ వేశాక మైకా అంచు బాగా వస్తోంది. టేకుకి 24 పళ్ళ బ్లేడు తీసుకున్నాను. మెషిన్ ఉంచుతున్నాను. కానీ కూకట్‌పల్లి అన్న చెప్పిన గుంత కోతలు ఇకనుంచి నేనే కోస్తాను, కుర్రాళ్ళకి ఇవ్వను. పార్టనర్ ఇంకా అలకలోనే ఉన్నాడు.

తెనాలి 522
నాదొక సందేహం. ఫెస్టూల్ కొత్త టీఎస్ 55 ఎఫ్‌కి వచ్చే 1.8 మి.మీ. సన్న బ్లేడు పాత మెషిన్‌కి వేస్తే మోటారు మీద భారం తగ్గుతుందా?

రాణిగంజ్ బాబాయ్
భారం తగ్గుతుంది. కానీ చీలిక కత్తి ఉన్న పాత మోడల్‌కి వేయొద్దు. వాటికి బ్లేడు కోత 2.2 మి.మీ., కత్తి మందం దానికి తగ్గట్టు ఉంటుంది. కోత 1.8 అయితే ఆ సందులో కత్తి దూరదు, మెషిన్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. కత్తి లేని మెషిన్ అయితే బ్లేడు రంధ్రం 20 మి.మీ. అవునో కాదో, వేగం పరిమితి ఎంతో చూసి వేసుకోవచ్చు. ట్రాక్ పట్టీ మళ్ళీ మార్చాలి సుమా.