తడవాయెనా, తడియాయెనా? నాన్న నోట్‌బుక్‌లో ఐదో నంబరు రోడ్డు

గూడూరు అబ్బాయి:
అందరికీ నమస్కారం. ఒక్క మాట వారం రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా నాన్న పాత ఐదో నంబరు జాతీయ రహదారి మీద లారీ డ్రైవరు. ఉద్దానం కొబ్బరికాయలు మద్రాసులో దించి, గూడూరులో నిమ్మకాయల బస్తాలు ఎత్తుకుని మళ్లీ పైకి వెళ్లేవారు. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన లెక్కల నోట్‌బుక్ దొరికింది. డీజిల్, క్లీనర్ బత్తా, పంక్చర్ల లెక్కల మధ్య ఒక పేజీలో ఇది ఉంది:

ఇచ్ఛాపురాన ఇచ్చ పుట్టె
తునిలో తునకలాయె
కావలిలో కావలి కాసె
గూడూరులో గూడు తలచె
తడకు వచ్చి త...యె

చివరి మాట మీద గ్రీజు వేలిముద్ర పడింది. మొదటి ‘త’, చివరి ‘యె’ స్పష్టంగా ఉన్నాయి. ‘యె’ ముందున్న అక్షరానికి దీర్ఘం కనిపిస్తోంది. మధ్యలో ఉన్నది ‘డ’ అని తెలుస్తోంది కానీ దాని మీద తలకట్టు ఉందో, గుడి ఉందో తేలడం లేదు. తలకట్టు అయితే ‘తడవాయె’, గుడి అయితే ‘తడియాయె’. చిన్నప్పుడు ఆయన పాడగా విన్నాను. చివరి ముక్క మాత్రం చెవిలో నిలవలేదు. నాన్న పోయి మూడేళ్లయింది. పెద్దలు ఎవరైనా చెప్పగలరా?

నెల్లూరు చదువరి:
తడవాయె. ఇందులో సందేహించడానికి ఏమీ లేదు తమ్ముడూ. తడ, తడవు, తడయు అన్నీ ఒకే కుదురు. తడ అంటే అడ్డు, తడవు అంటే ఆలస్యం. ‘తడయక’ అన్న మాట పద్యాల్లో ఎన్నిసార్లు చదవలేదు మనం! జీఎస్టీ రాకముందు, అంటే 2017 జూలై 1కి ముందు, రాష్ట్రం ఆ కొసన పురుషోత్తపురంలో, ఈ కొసన తడ దగ్గర భీమునివారిపాలెంలో చెక్‌పోస్టులు ఉండేవి. కాగితాలు చూపించి ముద్ర వేయించుకునే దాకా బండి కదిలేది కాదు. ఊరి పేరే అడ్డు, ఆ ఊళ్లో నిజంగానే అడ్డు, దానివల్ల తడవు. మూడు పొరల శ్లేష ఇది. ‘తడి’ అంటే ఈ అందమంతా పోతుంది.

సోంపేట మాస్టారు:
చివరి మాట తర్వాత చూద్దాం. మొదటి మాట దగ్గరే నాకు అడ్డు తగిలింది. ఇచ్ఛాపురమా, ఇచ్చాపురమా? మా వైపు ఛ ఒత్తి పలికేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. బాహుదా దాటి వచ్చే ఒడియా వాళ్లు ఒత్తుతారు, మనం ఒత్తం. ‘ఇచ్చ పుట్టె’ అన్న శ్లేష అతకాలంటే ఊరి పేరు కూడా ‘ఇచ్చాపురం’ అనే ఉండాలి. ఇచ్చ అనేది ఇచ్ఛకు తద్భవం కాబట్టి రెండు చోట్లా ఒకటే ఉండడం న్యాయం.

తుని పద్యప్రేమి:
మాస్టారూ, అక్కడి గ్రామదేవత స్వేచ్ఛావతి అమ్మవారు. ఆ పేరులో ఛ ఉంది కదా. ఊరి పేరులో మాత్రం ఎందుకు వద్దంటారు?

సోంపేట మాస్టారు:
అమ్మవారి పేరు పూజారి పలుకుతాడు. ఊరి పేరు బస్సు కండక్టరు పలుకుతాడు. ఈ పాట ఏ పక్కదో చూడండి.

తుని పద్యప్రేమి:
సరే, మాత్రలు లెక్కపెడదాం. ఇచ్ఛాపురాన అన్నా, ఇచ్చాపురాన అన్నా ఎనిమిదే. కాబట్టి మీ ఛ తగువు ఛందస్సుతో తేలదు. చివరి మాటను మాత్రం తేల్చవచ్చు. ప్రతి పాదం చివర క్రియను చూడండి. ఇచ్చ పుట్టె: ఆరు. తునకలాయె: ఆరు. గూడు తలచె: ఆరు. తడవాయె అయితే అయిదే వస్తుంది, తడియాయె అన్నా అయిదే. అంటే రెండూ తప్పు. అక్కడ ఉండాల్సింది ‘తడవులాయె’. తునకలాయెకి జోడీగా, అదే తూకంలో. మా తుని పాదం పక్కన పెట్టి చదివితే చెవికే తెలుస్తుంది.

నెల్లూరు చదువరి:
‘కావలి కాసె’ ఏడు మాత్రలు. మీ ఊరి పాదం కొలత పట్టుకుని మా కావలిని కొట్టేస్తారా? పైగా వేలిముద్ర కింద మూడక్షరాలు ఎలా పడతాయి?

గూడూరు అబ్బాయి:
చదువరి గారు చెప్పింది నిజమే. ‘త’కీ ‘యె’కీ మధ్య రెండక్షరాల చోటే ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. నాన్న దస్తూరీ వెడల్పుగా ఉంటుంది.

తాంబరం అక్క:
నేను మద్రాసు పక్కన పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. అందరూ తడ పేరుకి తెలుగు అర్థమే వెతుకుతున్నారు. మా బోర్డుల మీద తమిళంలో ఆ ఊరు ‘తడా’ అని దీర్ఘంతో ఉంటుంది. తమిళంలో తడా అంటే పెద్ద కుండ, గంగాళం లాంటిది. ఆండాళ్ తల్లి నూరు తడాల వెన్న, నూరు తడాల అక్కారవడిసిల్ అనే తీపి పొంగలి సమర్పిస్తానని మొక్కుకున్న పాశురం మా ఇంట్లో ప్రతి ధనుర్మాసం చదువుతాం. ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు మీరు ఉబ్బలమడుగు అనే జలపాతం. దాన్ని మా వాళ్లు తడా ఫాల్స్ అంటారు. నీళ్ల కుండ లాంటి ఊరు. అలాంటి చోట ‘తడి’ అనడంలో తప్పేముంది? నా ఓటు తడియాయెకే.

నెల్లూరు చదువరి:
అక్కా, తమిళంలోనే ‘తడై’ అంటే అడ్డు. అది మా వైపు సాక్ష్యం. ఊరి పేరుకి మూలం ఏదైనా కావచ్చు, పాట కట్టిన మనిషి చెవిలో ఏ మాట మోగిందన్నదే ప్రశ్న. ఆయన గూడూరు మనిషి. మా జిల్లాలో తడవ అంటే ‘సారి’ అని కూడా. ‘ఈ తడవ వచ్చినప్పుడు తెస్తా’ అంటాం. ఇంట్లో రోజుకి పదిసార్లు దొర్లే మాట. ఆ నోటికి తడవు, తడవ రాకుండా తడి ఎందుకు వస్తుంది?

బాపట్ల బాట:
చదువరి గారి మాటతో ఒక సంగతి గుర్తొచ్చింది. నేను చాలా ఏళ్లు మందుల కంపెనీ పని మీద ఆ రోడ్డంతా తిరిగాను. ఈ ‘సారి’ అన్న మాట ఎలా మారుతూ వస్తుందో గమనించారా? శ్రీకాకుళంలో ‘ఓపాలి’. గోదావరి దగ్గర ‘ఓ మాటు’. బెజవాడ, గుంటూరు వచ్చేసరికి ‘ఒకసారి’. ఒంగోలు దాటగానే ‘తూరి’ వినపడుతుంది. నెల్లూరులో ‘తడవ’. కలిసే చోట రెండేసి మాటలు వాడతారు, గీత గీసినట్టు ఉండదు. అయినా టీ కొట్టు దగ్గర ‘ఇంకో తూరి పోయి’ అన్నాడంటే బోర్డు చూడకుండానే ఎక్కడున్నానో తెలిసేది.

ఇంకో మాట. దీన్ని అందరూ సముద్రతీరం రోడ్డు అంటారు కానీ ఈ పాత ఐదో నంబరు రోడ్డు సముద్రానికి చాలా చోట్ల దూరంగానే పోతుంది. 2010లో దానికి 16 అని కొత్త నంబరు వచ్చింది. నిజంగా తీరాన్ని పట్టుకుని పోయేది 216. కత్తిపూడి దగ్గర చీలి కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలులో మళ్లీ కలుస్తుంది. మీ పాటలో ఆ ఊళ్లు ఒక్కటీ లేవు. బాపట్లకు శ్లేష కుదరదా ఏమిటి!

తుని పద్యప్రేమి:
కత్తిపూడి పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. దానికి కాస్త ఈవల, తునికీ అన్నవరానికీ మధ్య రోడ్డు మీదే బెండపూడి ఉంది. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం అంకితమిచ్చింది బెండపూడి అన్నయామాత్యుడికి. లారీలన్నీ అన్నవరం కొండ కింద తొలిపావంచా దగ్గర ఆగి, కొబ్బరికాయ కొట్టి, ఆకులో కట్టిన గోధుమనూక ప్రసాదం తీసుకుని కదులుతాయి. అక్కడికి కూతవేటు దూరంలో కవిసార్వభౌముడి కృతిభర్త ఊరు! రోడ్డు కవి అంటే శ్రీనాథుడే. కొండవీడు, రాజమహేంద్రవరం, దాక్షారామం, పల్నాడు... ఆయన కాలు ఒక చోట నిలవలేదు. ఊరు కనబడితే చాటువు పడాల్సిందే. లారీ డ్రైవరు నోట ఊళ్ల పేర్ల మీద పాట పుట్టిందంటే అది శ్రీనాథుడి తోవ.

సోంపేట మాస్టారు:
అమాత్యుడి ఇంటిపేరు బెండపూడి. ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఆయన ఈ బెండపూడిలోనే ఉన్నాడని ఎలా అంటారు? మా వీధిలో ఇంటిపేరు ‘కాకర్ల’ ఉన్నవాళ్లు ఏడుగురు. కాకర్ల ఎక్కడుందో వాళ్లకే తెలియదు.

నెల్లూరు చదువరి:
రోడ్డు కవి అనాలంటే తిక్కన సోమయాజిని అనాలి. పెన్న ఒడ్డున కూర్చుని పదిహేను పర్వాలు రాసిన మనిషి, తన రాజు మనుమసిద్ధికి రాజ్యం పోతే నెల్లూరు నుంచి ఓరుగల్లు దాకా వెళ్లి కాకతీయ గణపతిదేవుణ్ణి ఒప్పించి వచ్చాడు. పదమూడో శతాబ్దంలో! ఆ దారిలో ఎన్ని నదులు, ఎన్ని వాగులు దాటి ఉంటాడు! తడవు విలువ తెలిసిన కవి ఆయన. ‘తెనుంగు మాట’కి ఎక్కడ అడ్డుపడాలో, ఎక్కడ జారవిడవాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఒక్క క్రియతో సభంతా నిలబెట్టేస్తాడు.

బాపట్ల బాట:
తిక్కన వెళ్లింది ఈ రోడ్డున కాదు కదండీ, ఓరుగల్లు లోపలికి ఉంది.

నెల్లూరు చదువరి:
బయలుదేరింది నెల్లూరు నుంచే కదా. ఇప్పుడు నెల్లూరు, కావలి, ఒంగోలు బయటి నుంచి బైపాస్‌లు పోతున్నాయి కానీ ఊళ్లలో ఇప్పటికీ ‘ట్రంకు రోడ్డు’ అనే అంటాం. లారీ రాకపోయినా పేరు పోలేదు. కావలి పేరు కూడా అంతే. ఉదయగిరి రాజుల కాలంలో సైన్యం కావలి ఉన్న చోటని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ‘కావలిలో కావలి కాసె’ అని ఆయన ఊరికే అనలేదు.

తాంబరం అక్క:
అసలు ప్రశ్న వేసిన తమ్ముడు ఎక్కడ? మనం రాజమండ్రి, ఓరుగల్లు తిరిగొచ్చాం. తమ్ముడూ, ఆ పేజీని వెనక నుంచి టార్చి లైటు పెట్టి చూశావా? బాల్‌పెన్నుతో గట్టిగా రాసేవాళ్లయితే వెనక పక్క అచ్చు తేలుతుంది. వేలితో తడిమినా తెలుస్తుంది.

గూడూరు అబ్బాయి:
అక్కా, మీరు చెప్పినట్టే చూశాను. పేజీ వెనక ఒక టైరు దుకాణం లెక్క రాసి ఉంది, దాని అచ్చు ఇటు తేలింది. రెండూ కలిసిపోయాయి. ‘డ’ పైన ఒక గీత కనిపిస్తోంది, అది గుడి వంపా, వెనక పక్కనున్న 6 అంకె తోకా అన్నది చెప్పలేను. నాన్న గుడి కూడా చిన్నగా, దాదాపు తలకట్టులాగే పెట్టేవారు. ఆయన ఊళ్ల పేర్లు రాసిన మిగతా పేజీలన్నీ తిరగేశాను. ‘తడ’ అని రాసినవి పదకొండు చోట్ల ఉన్నాయి. ‘తడి’ అని రాసింది ఒక్కటే ఉంది: ‘బస్తాలు తడి, పట్టా చిరిగింది’ అని.

ఇవాళ అమ్మని అడిగాను. ముందే అడగాల్సింది. ఏడుస్తుందని ఆగాను. ఏడవలేదు. పాట గూడూరు దాకా గడగడా చెప్పేసింది. తర్వాత ముక్క ఏంటమ్మా అంటే, ‘అది నా ముందర పాడేవారు కాదురా, గూడు దగ్గర ఆపేసేవారు’ అంది.

అప్పట్లో మా ఇల్లు పాత రోడ్డు పక్కనే. పై నుంచి లోడుతో దిగేటప్పుడు ఇంటి ముందు ఆపడానికి వీలయ్యేది కాదట. కాయలు మద్రాసు మార్కెట్‌కి తెల్లారేసరికి చేరాలి. రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఇంటి ముందు రెండు చిన్న హారన్‌లు కొట్టి సాగిపోయేవారు. అమ్మ లేచి వరండా లైటు వేసేది. లైటు వెలిగాకే నాన్న గేరు మార్చేవారట. నాకు ఆ హారన్ గుర్తుంది, లైటు సంగతి ఇవాళే తెలిసింది.

తాంబరం అక్క:
ఇంకేం కావాలి? గూడు కళ్లముందే ఉంది, ఆగడానికి లేదు. అందుకే ‘గూడు చేరె’ అనలేదు, ‘తలచె’ అన్నారు. ఆ తర్వాత తడ వచ్చేసరికి కన్ను తడియాయె. భార్య ముందర ఆ ముక్క పాడకపోవడం కూడా అందుకే.

నెల్లూరు చదువరి:
అక్కా, మీ మాట నా గుండెకి తగిలింది, అబద్ధం చెప్పను. కానీ భాష ఒప్పుకోవాలి కదా. ‘తడి ఆయె’ అని మా వైపు ఎవరూ అనరు, ‘తడిసె’ అంటారు, ‘చెమర్చె’ అంటారు. తడవాయె అనుకున్నా అమ్మ చెప్పిన కథ అలాగే నిలుస్తుంది. హారన్ కొట్టి, లైటు కోసం ఆగి, వెనక్కి చూసుకుంటూ వెళ్లిన మనిషికి తడ చేరేసరికి తడవే అవుతుంది. ఆ తడవు ఎందుకైందో భార్య ముందర చెప్పుకోలేడు.

తుని పద్యప్రేమి:
నోట్‌బుక్‌లో ‘తడి’ ఒక్క చోటే ఉందన్నారు. ఆ ఒక్క చోటా ‘బస్తాలు తడి’ అన్నారు, ‘తడిశాయి’ అనలేదు. అంటే ఆయన నోట తడి అన్నది క్రియ లేకుండా కూడా నడుస్తుంది. చదువరి గారూ, దీనికేమంటారు? నేను నా ‘తడవులాయె’ మాత్రం వదులుకోవడం లేదు.

నెల్లూరు చదువరి:
అది లెక్కల భాష. లెక్కల్లో ఎవరైనా క్రియ మింగేస్తారు. పాటలో మింగరు. ఆ పదకొండు ‘తడ’లలో ‘డ’ తలకట్టు ఎలా పెట్టారో ఒక్కటి ఫోటో తీసి పెట్టు తమ్ముడూ. వేలిముద్ర కిందదానితో పక్కపక్కన పెట్టి చూస్తాను.

గూడూరు అబ్బాయి:
రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను చదువరి గారూ. అమ్మ నోట్‌బుక్ తన దిండు పక్కన పెట్టుకుంది.

సోంపేట మాస్టారు:
ఫోటో తీసేటప్పుడు మొదటి పాదం కూడా దగ్గరగా తియ్యి బాబూ. ఇక్కడ నువ్వు ఇచ్ఛాపురం అని టైపు చేశావు. నాన్నగారు చ కింద ఛ ఒత్తు పెట్టారా, లేదా? ఆ ఒక్కటీ ఎవరూ చూడలేదు.