మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ నలుగురి స్నానాలకు సరిపోతుందా?

ఓరుగల్లు_మూడో_అంతస్తు:
అందరికీ నమస్కారం. హన్మకొండలో పాత అపార్ట్‌మెంట్ మాది, పైన డాబానే. అమ్మ, నేను, మా ఆవిడ, బడికెళ్లే పాప. ఇన్నాళ్లూ హీటర్ రాడ్డుతో నెట్టుకొచ్చాం. మొన్న కాలిన వాసన వస్తే ప్లగ్గు పీకి చూశా, పిన్నుల చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది. గీజర్ కొందామని షాపుకెళితే, "ట్యాంకుది ఎందుకు సార్, కరెంటు దండగ. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ పట్టుకెళ్లండి, బిల్లు సగం" అన్నాడు. మా బావమరిదేమో గ్యాస్ గీజర్ పెట్టించమని ఒకటే పోరు. మాకు షవర్ లేదు, అందరివీ బకెట్ స్నానాలే. పొద్దున ఆరున్నర నుంచి ఏడుంపావు లోపల నలుగురివీ అయిపోవాలి, ఆ తర్వాత స్కూల్ ఆటో ఆగదు. ఏది తీసుకోమంటారు?

బెజవాడ_వైర్‌మన్:
షాపాయన సగం బిల్లు మాట పక్కన పెట్టండి. 20 లీటర్ల బకెట్‌ని 20 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకి తేవాలంటే అర యూనిట్ కరెంటు పడుతుంది. ఇన్‌స్టంట్ అయినా, ట్యాంకుదైనా, మీ రాడ్డైనా అంతే. ట్యాంకుదాంట్లో అదనంగా పోయేది, వేడినీళ్లు వాడకుండా ఉంచితే చల్లారిపోయేది మాత్రమే. స్నానాలవగానే స్విచ్ ఆపే ఇంట్లో అదేం పెద్ద లెక్క కాదు.

తేడా అంతా వేగంలో ఉంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ ఆ బకెట్ నింపడానికి పది నిమిషాలు తీసుకుంటుంది. కుళాయి సన్నగా, నిమిషానికి రెండు లీటర్లే వచ్చేట్టు తిప్పి పెట్టుకోవాలి. ఓపిక లేక పూర్తిగా తిప్పారా, మొదటి రెండు చెంబులు పొగలు కక్కుతాయి, ఆ తర్వాత గోరువెచ్చన కూడా రావు. షాపుల్లో కొనేవాళ్లు ఎప్పుడూ ఆ మొదటి చెంబే చూస్తారు. నలుగురంటే నలభై నిమిషాలు ఆ సన్నధార కింద బకెట్ ఉండాల్సిందే. నాలుగున్నర కిలోవాట్లది తెస్తే ఏడు నిమిషాలు, కానీ అది 20 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు.

మీ కుళాయి ఒక బకెట్ ఎంతసేపట్లో నింపుతుందో గడియారం చూసి చెప్పండి. బాత్రూంకి ఏ వైరు లాగారో కూడా.

పసుపు_ఊరి_రాజు:
గ్యాస్ గీజర్ సంగతి నేను చెప్తా, మా ఇంట్లో పెట్టిచ్చినం కాబట్టి. ఖర్చు తక్కువే. మీ నాలుగు బకెట్లకు రోజుకు 200 గ్రాముల గ్యాస్ అవుతది, 14.2 కిలోల బండ రెండు నెలల పైన వస్తది. మూడు నిమిషాలకో బకెట్. కానీ పెట్టిన మనిషి దాన్ని బాత్రూం లోపల్నే పెట్టిండు. ఉన్న ఒక్క కిటికీకి చలికాలమని మా అమ్మ అట్ట అడ్డం పెట్టింది. ఒకరోజు తమ్ముడు స్నానం చేస్తూ తలుపు కొట్టిండు. తీసి బయటికొచ్చి, "తల తిరుగుతుందన్నా" అనుకుంటనే గడప మీద కూలబడ్డడు. ఆ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గ్యాస్ లీకైనట్టు ముక్కుకు తెలుస్తదనుకోవద్దు. బాల్కనీకి తరలించి పైపు లోపలికి గుంజినంక మళ్లీ ఏ ఇబ్బంది లేదు. మీకు బయట జాగా లేకుంటే దాని జోలికి పోకుండ్రి. ఇంకోటి, మీది పై అంతస్తు. డాబా మీది నీళ్ల ట్యాంకు మరీ కిందికుంటే ప్రెజర్ చాలక అది వెలగనే వెలగదు.

బెజవాడ_వైర్‌మన్:
రాజుగారి మాటకి చిన్న చేర్పు. కుళాయి తిప్పినా టిక్ టిక్ చప్పుడే రాకపోతే బ్యాటరీలైనా అయిపోయి ఉండాలి, నీటి ప్రెజర్ అయినా చాలక ఉండాలి. చప్పుడొచ్చి మంట రాకపోతే గ్యాస్ అందట్లేదు. చాలామంది రెండింటికీ బ్యాటరీలే మారుస్తూ కూర్చుంటారు.

ఓరుగల్లు_మూడో_అంతస్తు:
చూశానన్నా. కుళాయి పూర్తిగా తిప్పితే బకెట్‌కి నాలుగు నిమిషాలు. ట్యాంకు మా స్లాబు మీద ఇటుకల దిమ్మెపైనే, మోకాలెత్తు. బాల్కనీ లేదు, కాబట్టి బావమరిది మాట చెల్లదు. వైరు సన్నదే, లైట్లదీ ప్లగ్గుదీ ఒకటేనట.

బెజవాడ_వైర్‌మన్:
అయితే ముందు వైరు, తర్వాతే గీజర్. మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్), ఎర్తు తప్పనిసరి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. ట్యాంకుదే తీసుకోండి, 15 కాదు, 25 లీటర్లది. 60 డిగ్రీల నీళ్లు బకెట్‌కి 11 లీటర్లు చాలు, మిగతాది చన్నీళ్లు. 25తో రెండు బకెట్లు దాటుతుంది. ఆరింటికే స్విచ్ వేసి, ఇద్దరయ్యాక కూడా ఆన్‌లోనే ఉంచితే మిగతా ఇద్దరికీ కాస్త ఆగితే అందుతుంది. మూడు లీటర్లదే కావాలంటే వంటింటి సింకుకి పెట్టుకోండి, గిన్నెలు తోమేవాళ్లు దీవిస్తారు.

ఓరుగల్లు_మూడో_అంతస్తు:
అమ్మ ఇది విని సింకుకే ముందు పెట్టించమంటోంది! ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. అప్పటిదాకా ప్లగ్గు మార్చి రాడ్డుతోనే.

బెజవాడ_వైర్‌మన్:
వద్దండీ. పిన్నులు కమిలాయంటే సాకెట్ లోపల కూడా కాలి ఉంటుంది. నాలుగు రోజులు స్టవ్ మీద కాచుకోండి.

ఓరుగల్లు_మూడో_అంతస్తు:
సరే అన్నా. మా పెళ్లినాటి పెద్ద ఇత్తడి గుండిగ అటక మీద నుంచి దింపించా. పాపకి అదే పండగలా ఉంది.