కామా తర్వాత విచ్చా, దట్టా? మీకెలా అలవాటైంది?

సముద్రపు గాలి:
విశాఖ ద్వారకానగర్‌లో ఇంగ్లిష్ క్లాసుకి వెళ్తున్నాను. నిన్న "మై బ్రదర్, దట్ వర్క్స్ ఇన్ ది స్టీల్ ప్లాంట్, ఈజ్ గెటింగ్ మ్యారీడ్" అని రాస్తే సారు 'దట్' కొట్టేసి ఎర్రపెన్నుతో 'హూ' అని పెట్టారు. ఎందుకండీ అంటే "కామా ఉంటే దట్ రాదమ్మా" అన్నారు, అంతే. అదే పేజీలో "ది బుక్ దట్ ఐ బాట్" అన్నదానికి మాత్రం టిక్కు. రూలు బట్టీ పడితే నాకు రెండ్రోజులు కూడా నిలవదు. మీరంతా దీన్ని ఎలా దాటారు?

పోర్టు గుమస్తా:
దెబ్బ తిని నేర్చుకున్నా చెల్లీ. పోర్టులో సరుకు విడిపించే ఒక ఆఫీసులో పని నాది. ఓసారి నలభై కంటైనర్లు దిగితే వాటిలో మూడు సొట్టలు పడ్డాయి. పార్టీకి మెయిల్ కొట్టాను: "ది కంటైనర్స్, విచ్ వర్ డ్యామేజ్డ్, ఆర్ ఇన్ ది యార్డ్." సొట్టపడిన మూడూ యార్డులో ఉన్నాయని నా భావం. అవతలాయనకి నలభైకి నలభై పోయాయని అర్థమైంది. పావుగంటలో ఫోను, ఆ వెనకే ఇన్సూరెన్సు వాళ్లు! మేనేజరు నా స్క్రీన్ మీద రెండు కామాలనూ వేలితో చూపించి "ఇవి పీకెయ్ బాబూ" అన్నారు. పీకేసి, విచ్ బదులు దట్ పెట్టి మళ్లీ పంపాక గానీ గొడవ చల్లారలేదు. ఇప్పటికీ మెయిల్‌లో కామా కొట్టేముందు చెయ్యి ఆగుతుంది.

ఎంవీపీ టీచరు:
తప్పు మీది కాదు, మన భాషకి ఆ తేడాతో పనిలేదు. "స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే మా అన్నయ్య" అంటాం. అన్నయ్య ఒక్కడే అయినా, ముగ్గురున్నా అదే మాట. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ 'పనిచేసే' ముక్క ఏ అన్నయ్యో గుర్తుపట్టడానికా, ఊరికే అదనంగా చెప్పడానికా అన్నది తేల్చాలి. నేను పిల్లలకి ఆ ముక్కని వేలితో మూసి చదవమంటాను. "ఐఎన్ఎస్ కుర్సురా, విచ్ సర్వ్డ్ ఫర్ 31 ఇయర్స్, ఈజ్ నౌ ఎ మ్యూజియం." మధ్యలోది మూసేసినా బీచ్‌రోడ్డు మీదున్న సబ్‌మెరైనే అని తెలుస్తూనే ఉంది. అంటే అదనం. కామాలు ఉండాలి, దట్ రాకూడదు. మనిషైతే హూ, వస్తువైతే విచ్. హూజ్ రెండింటికీ చెల్లుతుంది.

గాజువాక గుంటడు:
మేడమ్, మరి వేర్ సంగతి? "అరకు, వేర్ వి విజిటెడ్" అని రాసి క్లాసు మొత్తం ముందు చీవాట్లు తిన్నాను. ఊరి పేరే కదా, వేర్ ఎందుకు రాదు?

ఎంవీపీ టీచరు:
ఊరి పేరు చూసి వేర్ వేసేయకూడదు నాన్నా. ఆ ముక్కని విడిగా వాక్యం చేసి చూడు. "వి విజిటెడ్ ఇట్" అంటాం, కాబట్టి "అరకు, విచ్ వి విజిటెడ్". "వి స్టేడ్ దేర్" అంటాం, కాబట్టి "అరకు, వేర్ వి స్టేడ్". ఇట్ పడితే విచ్, దేర్ పడితే వేర్.

గాజువాక గుంటడు:
ఇంత చిన్న ముక్క ఆరోజే చెప్పుంటే పరువు దక్కేది 🙏

పాతపుస్తకాల పిచ్చి:
ఇంకో మాట. కామా లేనిచోట విచ్ రాస్తే తప్పని కొందరు వాదిస్తారు. తప్పేం కాదు. అక్కడ దట్, కామాలున్నచోట విచ్ అని పంచేస్తే బాగుంటుందని ఫౌలర్ అనే బ్రిటిష్ నిఘంటుకర్త 1926లో తన ఇంగ్లిష్ వాడుక నిఘంటువులో సూచించాడు. మన ఆంధ్రా యూనివర్సిటీ పుట్టిందీ ఆ ఏడాదే లెండి. అమెరికావాళ్లు దాన్ని గట్టిగా పట్టుకున్నారు, బ్రిటిష్‌వాళ్లు అంతగా పట్టించుకోరు. ఇంకా వెనక్కెళితే 1611 నాటి బైబిల్లో దేవుణ్ణే "అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్" అన్నారు. ఇప్పుడు మనిషికి విచ్ వాడితే మార్కులు పోతాయి!

పోర్టు గుమస్తా:
మా మేనేజరుకి ఈ ఫౌలర్ సంగతి చెప్పకండి బాబోయ్. "ఐ విల్ బి లేట్, విచ్ ఈజ్ నాట్ మై ఫాల్ట్" అని మొన్న మెసేజ్ పెడితే, ఆ విచ్ ఏ వస్తువుకి చెందుతుందని అడిగారు.

ఎంవీపీ టీచరు:
ముందున్న మాట మొత్తానికీ చెందుతుందని చెప్పండి. అక్కడా కామా ఉండాల్సిందే, దట్ అక్కడా రాదు. ఆలస్యం ఎవరి తప్పో మాత్రం గ్రామర్ తేల్చదు 😄

సముద్రపు గాలి:
అందరికీ థ్యాంక్స్. వేలితో మూసి నా వాక్యం మళ్లీ చదివాను. ఒక డౌటు. నాకు ఇద్దరన్నయ్యలు. పెద్దవాడు స్టీల్ ప్లాంట్, చిన్నవాడు దుబాయ్. ఆ ముక్క మూసేస్తే పెళ్లి ఎవరిదో తెలియడం లేదే?

ఎంవీపీ టీచరు:
అయితే మీ సారు కొట్టేయాల్సింది దట్ కాదమ్మా, రెండు కామాలు. అవి తీసేస్తే మీ దట్ కూడా చెల్లుతుంది, మనిషి కాబట్టి హూ ఇంకా బాగుంటుంది.

సముద్రపు గాలి:
రేపు క్లాసులో చెప్తాను. చెప్పే ధైర్యం ఉంటే.