పదహారేళ్ల బాల సైనికుడు సైన్యానికి చిక్కితే: 15 ఏళ్ల లెక్కా, 18 ఏళ్ల లెక్కా?

ప్రశ్న
తిరుగుబాటు ముఠాలో వంట చేస్తూ మూటలు మోసిన 16 ఏళ్ల కుర్రాడు ప్రభుత్వ సైన్యానికి దొరికాడనుకుందాం. తుపాకీ పట్టలేదు. బాల సైనికుడి కిందికి వస్తాడా? ఒకచోట 15 ఏళ్లని, ఇంకోచోట 18 అని ఉంది. అతని మీద కేసు పెట్టొచ్చా?

జవాబు 1
రెండు గీతలూ సరైనవే, పని వేరు. 15 అనేది చేర్చుకున్నవాడి నేరం తేల్చడానికి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన ఒప్పందమైన రోమ్ శాసనం ప్రకారం 15 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవడం, పోరులో వాడటం యుద్ధ నేరం. కాంగోకు చెందిన ముఠా నాయకుడు థామస్ లుబాంగాకు 2012లో 14 ఏళ్ల జైలు పడింది దీనికే. 18 అనేది ఐరాస బాలల హక్కుల ఒప్పందానికి అనుబంధంగా 2002లో అమల్లోకి వచ్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ గీత. దాని 4వ అధికరణం ప్రకారం 18 నిండనివాళ్లు ఇష్టపడి వచ్చినా సరే ముఠాలు చేర్చుకోకూడదు. దాన్ని నేరం చేస్తూ చట్టం తేవాల్సింది ప్రభుత్వమే. అదే ప్రభుత్వ సైన్యమైతే, తల్లిదండ్రుల సమ్మతి, వయసు రుజువు ఉంటే 16 నుంచే స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. ఈ తేడా అన్యాయమే అంటాను.

ఇక వంట సంగతి. బాల సైనికులపై 2007 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలైన పారిస్ సూత్రాలు వంటవాళ్లను, మోతగాళ్లను, కబుర్లు చేరవేసేవాళ్లను, లైంగికంగా వాడుకున్న ఆడపిల్లలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఒప్పందమంత కట్టుబాటు వాటికి లేదు, కానీ పట్టించుకోకపోతే ఏమవుతుందో అంతర్యుద్ధం నడిచిన సియెర్రా లియోన్‌లో తేలింది. ఆయుధం అప్పగిస్తేనే పునరావాసం అనేసరికి చాలామంది ఆడపిల్లలు జాబితాకే ఎక్కలేదు.

జవాబు 2
కేసు గురించి: ముఠాలో ఉన్నాడన్న ఒక్క కారణంతో పెట్టకూడదని పారిస్ సూత్రాలు అంటాయి. హత్యలాంటి ఆరోపణ ఉంటే దేశీయ కోర్టు విచారించొచ్చు, కానీ పిల్లల న్యాయ ప్రమాణాల ప్రకారమే. మరణశిక్ష, విడుదలే లేని యావజ్జీవం వేయకూడదు. నిర్బంధం చివరి మార్గం, అదీ వీలైనంత తక్కువ కాలం.

అసలు తప్పు జరిగేది మొదటి రోజుల్లో. ముఠా స్థావరం చూపించమని సైనికులు పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్తారు. అది మళ్లీ యుద్ధంలోకి దింపడమే. వెంటనే పౌర బాలల సంరక్షణ అధికారులకు అప్పగించాలి.

వయసు దగ్గర ఇంకో చిక్కు. జనన పత్రం ఉండదు, మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. అది ఏడాది రెండేళ్లు అటూ ఇటూ చూపుతుంది. 16 ఏళ్లవాడు 18 దాటినట్టు కనిపించొచ్చు. బడి రిజిస్టరు, టీకా కార్డు, ఇంటివాళ్ల మాట కలిపి చూడాలి. అనుమానం తీరకపోతే పిల్లవాడిగానే చూడాలి.

ప్రశ్న అడిగినవారు
పట్టుబడినప్పుడు 17, విచారణ నాటికి 19 అయితే?

జవాబు 2
నేరం జరిగిన రోజు వయసే లెక్క. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకైతే అప్పటికి 18 నిండనివాళ్ల మీద అధికారమే లేదు. తర్వాత ముఠా కమాండర్ అయిన డొమినిక్ ఓంగ్వెన్‌ను ఉగాండాలో చిన్నప్పుడే ముఠా ఎత్తుకెళ్లింది. అయినా పెద్దయ్యాక చేసిన నేరాలకు 2021లో 25 ఏళ్ల శిక్ష పడింది. అపహరణ సంగతిని శిక్ష ఖరారు చేసేటప్పుడు కోర్టు లెక్కలోకి తీసుకుంది.