అమ్మ చేత అడ్డపొగ మాన్పించడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున పల్లె. అమ్మకు 62 ఏళ్లు. పెళ్లి కాకముందు నుంచే అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. చేపలు కోస్తున్నా చుట్ట పెదాల మధ్యే ఉంటుంది, గాలికి ఆరిపోదు. మా వైపు ఆడవాళ్లలో ఇది తరాలుగా ఉన్నదే, ఎవరూ తప్పుపట్టరు.

పోయిన వారం ఫోన్ లైటు వేసి అమ్మ నోరు చూశాను. అంగిలంతా తెల్లగా మందంగా అయిపోయి, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపించాయి. వెంటనే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇది క్యాన్సర్ కాదు గానీ, నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి కాబట్టి అక్కడ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువని, ఇప్పుడే మానేయాలని చెప్పారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

అమ్మేమో "మీ అమ్మమ్మ చుట్ట కాలుస్తూనే 80 ఏళ్లు బతికింది" అంటుంది. చుట్టలు దాచేస్తే పక్కింటి నుంచి తెచ్చుకుంటోంది. తిట్టి లాభం లేదని అర్థమైంది.

మీ ఇళ్లలో ఎవరైనా మానేశారా? ఒక్కసారిగా ఆపారా, మెల్లగా తగ్గించారా? అమ్మకు దవడ పళ్లు లేవు, పొగ మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్ నమలలేదు. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్‌లు పనిచేస్తాయా? పొగాకు మానడానికి సాయం చేసే 1800 112 356 క్విట్‌లైన్‌కి ఫోన్ చేసినవాళ్లున్నారా, తెలుగులో ఓపిగ్గా మాట్లాడతారా? మానేశాక అంగిలి మళ్లీ మామూలుగా అవడానికి ఎన్నాళ్లు పట్టింది? దయచేసి చెప్పండి.